కంప్యూటర్‌లో సముద్రం ఎందుకు పేలిపోతుంది?

ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో నా ప్రాజెక్టు ఒక రేవు మోడల్. మన విశాఖ ఔటర్ హార్బర్‌ను పోలిన ఆకారం: బయట అలలను అడ్డుకునే గోడలు, అంటే బ్రేక్‌వాటర్లు, మధ్యలో ఓడలు వచ్చే దారి, లోపల బెర్తులు. బయటి నుంచి 2 మీటర్ల ఎత్తు అలలు పంపితే, లోపల ఓడ కట్టే చోటికి ఎంత అల చేరుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టాలి. సాయంత్రం రన్ పెట్టి హాస్టల్‌కి వెళ్లాను. పొద్దున్న వచ్చి చూస్తే మొదటి పది నిమిషాల సముద్రం ముచ్చటగా ఉంది. పదకొండో నిమిషంలో బ్రేక్‌వాటర్ మూల దగ్గర, లెక్క కోసం సముద్రాన్ని కోసుకున్న గడుల్లో ఒకదానిలో, నీటి ఎత్తు 3 మీటర్లు, దాని పక్క గడిలో మైనస్ 3. లెక్క వేసే తర్వాతి అడుగులో 9, మైనస్ 9. ఇంకో నాలుగైదు అడుగులకు ఆ అల డాల్ఫిన్స్ నోస్ కొండను దాటిపోయింది. ఆ తర్వాత ఫైలంతా ఒకే మాట, ‘నాన్’. ఇక్కడున్నది అంకె కాదని కంప్యూటర్ చెబుతోందన్నమాట.

మా ల్యాబ్‌లో దీన్ని ‘పేలడం’ అనేవాళ్లం. ఆ రోజు నాకు మూడు అనుమానాలు వచ్చాయి. సమీకరణం తప్పేమో, ప్రోగ్రాంలో ఎక్కడో పొరపాటు ఉందేమో, లేదా ఆ మూలలో నిజంగానే అలలు అంతలా రేగుతాయేమో. తీరా చూస్తే మూడూ కావు. సమీకరణం సరైనదే. ప్రోగ్రాం నేను రాసింది రాసినట్టే నడిచింది. సముద్రంలో అంత అల పుట్టడానికి కారణమే లేదు. లెక్క వేసిన తీరులోంచే ఆ అల పుట్టింది. దీన్నే సంఖ్యాత్మక అస్థిరత అంటారు. ఉప్పెన ఎంత వస్తుందో, బీచ్ ఎంత కోతకు గురవుతుందో, ఓడ ఎలా ఊగుతుందో లెక్కలు కట్టుకుని బతికే ఊరు మనది. అందుకే ఈ విషయం ఇంజినీర్ల గదుల్లోనే ఉండిపోకూడదని నాకు అనిపిస్తుంది.

ముందుగా కంప్యూటర్ చేసే పని ఏమిటో చూద్దాం. నీరు, గాలి ఎలా కదులుతాయో చెప్పే సమీకరణాలు 19వ శతాబ్దంలోనే సిద్ధమయ్యాయి. నావియర్, స్టోక్స్ అనే ఇద్దరి పేర్లతో వాటిని పిలుస్తాం. అవి ప్రతి బిందువుకూ, ప్రతి క్షణానికీ వర్తిస్తాయి. బిందువులకు అంతు లేదు, కంప్యూటర్ మెమరీకి అంతు ఉంది. అందుకని సముద్రాన్ని గడులుగా కోస్తాం, కాలాన్ని అడుగులుగా కోస్తాం. ఆ అడుగు పేరే టైమ్ స్టెప్. ఒక్కో గడికి నీటి ఎత్తు ఇంత, వేగం ఇంత అని కొన్ని అంకెలు ఇస్తాం. ప్రతి అడుగులోనూ ప్రతి గడీ తన పక్క గడులను చూసి తన అంకెలను మార్చుకుంటుంది. లక్షల గడులు, లక్షల అడుగులు. పని ఇంతే.

ఇందులో పేలడానికి ఏముంది? కాగితం మీద చేసి చూస్తే తప్ప ఇది మనసుకు ఎక్కదు. నాకు ఎక్కింది అలాగే.

నేరుగా పారే ఒక గెడ్డ అనుకోండి. దాన్ని మీటరు పొడవు గడులుగా కోశాం. నీరు సెకనుకు ఒక మీటరు చొప్పున ఎడమ నుంచి కుడికి పోతోంది. ఒక గడిలో 100 గ్రాముల రంగు వేశాం, మిగతావన్నీ ఖాళీ. నియమం చాలా తేలిక. ప్రతి అడుగులో గడిలోని రంగులో కొంత భాగం కుడి పక్కకు పోతుంది, ఎడమ పక్క నుంచి అదే లెక్కన కొంత వస్తుంది. ఎంత భాగం? నీటి వేగాన్ని టైమ్ స్టెప్‌తో గుణించి గడి పొడవుతో భాగిస్తే వచ్చేంత. టైమ్ స్టెప్ అర సెకను అయితే సగం. సెకను అయితే మొత్తం.

అర సెకనుతో మొదలుపెడదాం. 100 కాస్తా 50, 50 అవుతుంది. తర్వాత 25, 50, 25. ఆ తర్వాత 12.5, 37.5, 37.5, 12.5. రంగు కుడికి జరుగుతోంది, కాస్త పరుచుకుంటోంది. ఒక సెకను టైమ్ స్టెప్ తీసుకుంటే 100 అలాగే చెక్కుచెదరకుండా ఒక్కో గడి జరుగుతుంది. ఇది అచ్చంగా సరైన జవాబు.

ఇప్పుడు పని తొందరగా తెమలాలని 2 సెకన్లు తీసుకుందాం. నియమం ప్రకారం గడిలో ఉన్నదానికి రెట్టింపు బయటికి పోవాలి. ఉన్నది 100, పోవలసింది 200. గడిలో మైనస్ 100 మిగిలింది, పక్క గడికి 200 చేరింది. రెండో అడుగులో 100, మైనస్ 400, 400. మూడో అడుగులో మైనస్ 100, 600, మైనస్ 1200, 800. నాలుగో అడుగుకి 100, మైనస్ 800, 2400, మైనస్ 3200, 1600. పెన్ను పట్టుకుని మీరే సరిచూసుకోండి. ఒక గడిలో లేని రంగు, పక్క గడిలో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని రంగు. నా రేవు మూలలో కనిపించిన రంపపు పళ్ల ఆకారం ఇదే.

ఈ ఉదాహరణలో ఇంకో సంగతి ఉంది, దాన్ని నేను చాలా ఆలస్యంగా గమనించాను. ఏ అడుగులోనైనా అన్ని గడులనూ కూడండి. మైనస్ 100, 600, మైనస్ 1200, 800 కలిపితే సరిగ్గా 100. నాలుగో అడుగులోనూ 100. అంటే రంగు ఎక్కడా పుట్టలేదు, ఎక్కడా పోలేదు, జమాఖర్చు పైసాతో సహా సరిపోయింది. కానీ మైనస్ గుర్తులు తీసేసి కూడితే 100, 300, 900, 2700, 8100. అడుగడుక్కీ మూడింతలు. పది అడుగులకు 59 లక్షలు దాటుతుంది. మామూలు కంప్యూటర్‌లో ఒక అంకె 308 సున్నాల దాకా పెరగగలదు. ఈ లెక్కకు ఆ హద్దు దాటడానికి ఏడు వందల అడుగులు కూడా పట్టవు. మొత్తం నీరు ఎంతుందో మాత్రమే చూసుకుని ‘రన్ బాగానే ఉంది’ అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది. మొత్తం సరిపోతూనే లోపల అంతా తగలబడిపోవచ్చు.

ఇలా ఎందుకు జరిగింది? రెండు సెకన్లలో నీరు రెండు మీటర్లు కదులుతుంది. కాబట్టి ఒక గడిలోకి రావలసిన రంగు నిజానికి రెండు గడుల అవతల ఉంది. మన నియమం మాత్రం పక్క గడినే అడుగుతోంది. అసలు సమాచారం ఉన్న చోటికి దాని చెయ్యి అందడం లేదు. అందనప్పుడు ఎంత నిజాయితీగా లెక్క వేసినా జవాబు ఊహే అవుతుంది, ఆ ఊహలోని తప్పు ప్రతి అడుగులోనూ హెచ్చవుతుంది. ఈ షరతును 1928లో కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు జర్మనీలో ప్రచురించారు. ఇప్పటికీ వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతోనే సీఎఫ్‌ఎల్ షరతు అంటాం. అప్పటికి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అనేదే లేదు. సమీకరణాలకు జవాబు ఉందని నిరూపించడానికి గడులు గీసుకుంటూ వాళ్లు ఈ షరతు దగ్గరికి చేరారు.

ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఎగువ గడిని మాత్రమే చూడటం పక్షపాతంలా ఉంది, రెండు పక్కలా సమానంగా చూస్తే ఇంకా బాగుంటుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చేసి చూడండి. అర సెకను టైమ్ స్టెప్‌తో మొదటి అడుగుకే ఎగువ గడిలో మైనస్ 25, నడుమ 100, దిగువన 25 వస్తాయి. ఎగువన ఉన్న గడికి దిగువ రంగు గురించి తెలియనే కూడదు, నీరు అటు నుంచి ఇటు రాదు కాబట్టి. పాత అంకెల నుంచి నేరుగా కొత్త అంకెలు కట్టే ఈ సాదా లెక్కలో, రెండు పక్కలా చూసే పద్ధతి టైమ్ స్టెప్ ఎంత చిన్నదైనా సరే, మెల్లగానైనా సరే పెరుగుతూనే పోతుంది. ప్రవాహం ఎటు నుంచి వస్తోందో లెక్కకు తెలిసి ఉండాలి.

ఇక మన బంగాళాఖాతానికి వద్దాం. ఇక్కడ విషయం గెడ్డ కంటే బాగా చిక్కుపడుతుంది. సునామీ, ఉప్పెన లాంటి పొడవైన అలల వేగం లోతును బట్టి ఉంటుంది. మీటర్లలో లోతును 9.8తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. తీరం దగ్గర 10 మీటర్ల లోతులో అల వేగం సెకనుకు దాదాపు 10 మీటర్లు. నడిసముద్రంలో 2500 మీటర్ల లోతున సెకనుకు 156 మీటర్లు, అంటే గంటకు 560 కిలోమీటర్లు, విమానంతో పోల్చదగ్గ వేగం. గడి పొడవు కిలోమీటరు అయితే టైమ్ స్టెప్ సుమారు 6.4 సెకన్లు దాటకూడదు. అల రెండు దిక్కుల్లోనూ పోతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే ఉండాలి.

మనకు కావలసింది ఆర్కే బీచ్ దగ్గర, పెద జాలరిపేట దగ్గర నీరు ఎంత ఎత్తు లేస్తుందన్నది. అక్కడి అల నెమ్మదిగానే నడుస్తుంది. కానీ మొత్తం లెక్క ఎంత చిన్న అడుగులు వేయాలో నిర్ణయించేది ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఉన్న లోతు. కిలోమీటరు గడిలో మన బీచ్ రోడ్డు మొత్తం నాలుగైదు అంకెలకు కుదించుకుపోతుంది. సరే, 100 మీటర్ల గడులు చేద్దామంటే, సముద్రమంతా అదే కొలత పెడితే గడులు వంద రెట్లవుతాయి, టైమ్ స్టెప్ పదో వంతుకు తగ్గుతుంది, మొత్తం పని వెయ్యి రెట్లు. ఒక గంటలో తెమిలే రన్ 40 రోజులు దాటుతుంది. తుపాను అన్నాళ్లు ఆగదు.

అందుకే చాలా ఉప్పెన మోడళ్లలో చదరపు గడులు మాని త్రికోణాలు వాడతారు. లోతు సముద్రంలో పెద్ద త్రికోణాలు, ఒడ్డుకు వచ్చేకొద్దీ చిన్నవి. అల వేగం తగ్గేకొద్దీ గడి కూడా తగ్గితే ఒకే టైమ్ స్టెప్ అన్నిచోట్లా సరిపోతుంది. సముద్రం స్వభావమే ఇక్కడ మనకు సాయం చేస్తుంది, నాకు ఈ ఏర్పాటు ఎంతో అందంగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం నడుస్తోంది. భూకంపం వచ్చాక తీరిగ్గా లెక్క మొదలుపెడితే సమయం సరిపోదని, ఎక్కడ ఎంత భూకంపం వస్తే ఏమవుతుందో ముందే వేల రన్‌లు చేసి దాచిపెట్టుకుని, సమయానికి దగ్గరగా ఉన్నదాన్ని బయటికి తీస్తారు.

నా రేవు ఎందుకు పేలిందో కూడా ఇప్పుడు చెప్పవచ్చు. సగటు లోతు, సగటు గడి చూసుకుని నేను టైమ్ స్టెప్ పెట్టాను. ఓడల కోసం లోతుగా తవ్విన దారి బ్రేక్‌వాటర్ మూలను ఆనుకుని పోతుంది. ఆ మూల వంపును చక్కగా చూపించాలని సరిగ్గా అక్కడే గడులు చిన్నవిగా పెట్టాను. పెద్ద లోతు, చిన్న గడి ఒకే చోట కలిశాయి. వేల గడుల్లో షరతు తప్పినవి పన్నెండు. అలలు ఆ మూలకు చేరేదాకా పెరగడానికి అక్కడ ఏమీ లేదు, అందుకే మొదటి పది నిమిషాలూ ప్రశాంతంగా కనిపించింది.

ఈ విషయం మాట్లాడేటప్పుడు రిచర్డ్‌సన్ పేరు తప్పక వస్తుంది. ఆయన విషయంలో ఒక అపార్థం కూడా తిరుగుతూ ఉంటుంది. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ బ్రిటన్‌కు చెందిన శాస్త్రవేత్త. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ దళంలో పనిచేస్తూనే వాతావరణాన్ని చేత్తో లెక్కకట్టడానికి పూనుకున్నాడు. 1910 మే 20 నాటి కొలతలు తీసుకుని, ఆరు గంటల్లో పీడనం ఎంత మారుతుందో లెక్కవేస్తే 145 హెక్టోపాస్కల్స్ అని వచ్చింది. నిజంగా ఆ రోజు పీడనం దాదాపు మారలేదు. పెద్ద తుపాను కన్ను దగ్గర కూడా ఆరు గంటల్లో అంత మార్పు రాదు. ఆయన ఆ ఫలితాన్ని దాచుకోకుండా 1922లో తన పుస్తకంలో అచ్చువేశాడు. ఆ ధైర్యం అంటే నాకు చాలా గౌరవం.

సీఎఫ్‌ఎల్ షరతు తెలియకపోవడం వల్లే ఆయన లెక్క చెడిందని చాలామంది అంటారు. అది పొరపాటు. అస్థిరత అడుగడుక్కీ పెరిగేది, ఆయన వేసింది ఒక్క అడుగే. అసలు చిక్కు మొదటి కొలతల్లో ఉంది. గాలి వేగాలు, పీడనాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ప్రకృతిలో అవి ఎప్పుడూ ఒక సమతూకంలో ఉంటాయి, కొలతల్లోని చిన్న చిన్న తప్పులు ఆ తూకాన్ని చెడగొట్టాయి. దాంతో లెక్కలో అసలు లేని భారీ అలలు పుట్టాయి. తర్వాతి కాలంలో పీటర్ లించ్ అనే శాస్త్రవేత్త అవే కొలతలను సవరించి, అదే లెక్క చేస్తే నమ్మదగ్గ అంకె వచ్చింది. అయితే రిచర్డ్‌సన్ అక్కడితో ఆగకుండా ముందుకు సాగి ఉంటే సీఎఫ్‌ఎల్ ఆయన్ని తప్పక పట్టుకునేదే. ఆయన గడులు సుమారు 200 కిలోమీటర్లు, టైమ్ స్టెప్ 3 గంటలు. వాతావరణంలో వేగంగా పోయే అలలు ఆ 3 గంటల్లో 3000 కిలోమీటర్ల దాకా వెళ్తాయి. 1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, వాన్ నాయిమన్ ఎనియాక్ కంప్యూటర్ మీద సూచన కట్టినప్పుడు ఆ వేగవంతమైన అలలు అసలు లేని సమీకరణాన్నే ఎంచుకున్నారు. 24 గంటల సూచన కట్టడానికి దాదాపు 24 గంటలు పట్టినా అది పేలలేదు.

కాబట్టి పేలకుండా చూడటం చేతకాని పని కాదు. నన్ను ఎక్కువగా భయపెట్టేది, పేలకుండా చూసే క్రమంలో మనం పోగొట్టుకునేది. ఇందాకటి గెడ్డలో అర సెకను లెక్కను మళ్లీ చూడండి. 100, తర్వాత 50, తర్వాత ఎక్కువలో ఎక్కువ 37.5. వంద అడుగులు పోయాక, రంగు 50 మీటర్లు నడిచాక, ఏ గడిలోనూ 8 గ్రాములకు మించి ఉండదు. నిజమైన గెడ్డలో, మన సమీకరణం ప్రకారం, ఆ 100 గ్రాములు ఒకే చోట గుంపుగా ఉండాలి. మనం ఎక్కడా చెప్పని చెదరడం లెక్కలోకి దానంతట అదే వచ్చి చేరింది. ఎర్ర అక్షరాలు రాలేదు, నాన్ రాలేదు. గ్రాఫు నున్నగా, కళ్లకు ఇంపుగా ఉంది. కానీ తప్పు.

దీన్నే ఉప్పెనకు అన్వయించి చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది. గాలి వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటింది. విశాఖలో పోటు నీటికి పైన మరో 1.4 మీటర్ల ఉప్పెన నమోదైంది. అలాంటి శిఖరాన్ని మెత్తబరిచే పద్ధతితో లెక్కవేస్తే మీటరే వచ్చిందనుకోండి. ఆ మిగతా 40 సెంటీమీటర్లు జాలరిపేటలో ఒక ఇంటి గడప లోపలా, బయటా అన్నంత తేడా. పేలిన రన్‌ను ఎవరూ నమ్మరు, కాబట్టి దానివల్ల ఎవరికీ నష్టం లేదు. మెత్తగా నడిచి శిఖరాన్ని కోసేసిన రన్‌ను మాత్రం రంగుల బొమ్మగా చేసి మీటింగులో చూపిస్తారు. అందరూ తల ఊపుతారు.

రెండూ కావాలి, అంటే వంకరలు రాకూడదు, శిఖరం కూడా అరగకూడదు, అనుకుంటే అడ్డంగా ఒక సిద్ధాంతం నిలబడుతుంది. 1959లో గొదునోవ్ అనే రష్యన్ గణితవేత్త దాన్ని నిరూపించాడు. అన్నిచోట్లా ఒకే గుణకాలతో నడిచే పద్ధతి ఏదైనా సరే, కొత్త ఎగుడుదిగుళ్లు పుట్టించకుండా ఉండాలంటే దాని కచ్చితత్వం మొదటి మెట్టు, అంటే గడి సగమైతే తప్పు కూడా సగమే తగ్గే స్థాయి, దాటలేదు. దీన్ని తప్పించుకోవడానికి 1970లలో వాన్ లీర్ వంటివాళ్లు దారి కనిపెట్టారు. పద్ధతే ప్రతి గడి దగ్గరా ఆగి, ఇక్కడ నీటి వాలు సాఫీగా ఉందా, ఉన్నట్టుండి లేచిందా అని చూస్తుంది. సాఫీగా ఉన్నచోట పదునైన లెక్క వాడుతుంది, నిట్టనిలువుగా ఉన్నచోట మాత్రమే మెత్తటి లెక్కకు దిగుతుంది. ఈనాడు అల విరిగే చోటును, వరద ముందంచును లెక్కవేసే మంచి ప్రోగ్రాములు చాలావరకు ఈ దారినే నడుస్తాయి.

టైమ్ స్టెప్ తగ్గిస్తే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకం విద్యార్థుల్లో గట్టిగా ఉంటుంది. నాకూ ఉండేది. అది పోవాలంటే తెప్ప లెక్క చూడాలి.

ఒక పళ్లెం తీసుకుని నీళ్ల తొట్టెలో బోర్లా పట్టుకుని పైకీ కిందకీ ఆడించండి. పళ్లెం బరువు కంటే ఎన్నో రెట్లు బరువు చేతికి తగులుతుంది, ఎందుకంటే దానితోపాటు చుట్టూ ఉన్న నీటినీ కదిలిస్తున్నారు. ఆ కలిసివచ్చే నీటి బరువును ఇంజినీర్లు ‘యాడెడ్ మాస్’ అంటారు. ఇప్పుడు తెప్ప లాంటి వెడల్పాటి, తేలికైన వస్తువు అలల మీద ఎలా ఊగుతుందో లెక్కవేయాలి. సాధారణంగా నీటికి ఒక ప్రోగ్రాం, వస్తువుకు ఇంకో ప్రోగ్రాం ఉంటాయి. వస్తువు ఎలా కదిలిందో మొదటిది అడిగి తెలుసుకుని, నీటి ఒత్తిడి ఎంతో చెబుతుంది. ఆ ఒత్తిడితో రెండోది కొత్త కదలిక కడుతుంది.

తెప్ప బరువు 100 కిలోలు, కలిసివచ్చే నీరు 200 కిలోలు అనుకుందాం. తెప్ప పైకి 1 యూనిట్ త్వరణంతో కదిలితే నీరు 200 లెక్కన కిందికి లాగుతుంది. 100 కిలోల తెప్పకు అది 2 యూనిట్ల త్వరణం, కిందికి. తర్వాతి అడుగులో 4 యూనిట్లు పైకి. ఆ తర్వాత 8 కిందికి. ఈ లెక్కలో టైమ్ స్టెప్ ఎక్కడైనా కనిపించిందా? ఎక్కడా లేదు. అడుగు సగం చేస్తే అదే పేలుడు సగం సమయంలోనే వస్తుంది. ఇనుప దిమ్మ లాంటి బరువైన వస్తువుతో చక్కగా నడిచిన ప్రోగ్రాం తేలిక తెప్ప పెట్టగానే పేలిపోయేది ఇందుకే.

మందు వేరే చోట ఉంది. కొత్త త్వరణాన్ని పూర్తిగా నమ్మకుండా, పాతదానికీ కొత్తదానికీ నడిమధ్య అంకె తీసుకుని, అదే అడుగులో రెండు ప్రోగ్రాములూ మళ్లీ మాట్లాడుకోవాలి. అప్పుడు 1 కాస్తా మైనస్ అర అవుతుంది, తర్వాత పావు, తర్వాత మైనస్ అరపావు. తప్పు తరిగిపోతుంది. లేదా ఆ 200 కిలోల నీటిని ముందే తెప్ప ఖాతాలో కలిపి 300 కిలోల వస్తువుగా లెక్కకట్టాలి. నౌకల పరిశోధన, ఓడల నిర్మాణం రెండూ ఉన్న మన ఊళ్లో ఈ తేడా తెలిసిన ఇంజినీర్లకు కొదవ లేదు. అయినా కొత్తగా వచ్చిన ప్రతి కుర్రవాడూ మొదటి వారం టైమ్ స్టెప్ తగ్గించడంతోనే గడుపుతాడు.

టైమ్ స్టెప్‌కు లొంగని మరో రకం 1956లో వాతావరణ శాస్త్రవేత్త నార్మన్ ఫిలిప్స్‌కు ఎదురైంది. భూగోళం మీది గాలుల మోడల్ చక్కగా నడిచి నెల రోజుల దగ్గరికి వచ్చేసరికి చిందరవందర అయింది. కారణం ఆయనే 1959లో చెప్పాడు. ప్రవాహంలో రెండు అలలు కలిస్తే అంతకంటే పొట్టి అల పుడుతుంది. గ్రిడ్, అంటే మన గడుల అల్లిక, చూపించగలిగే అతి పొట్టి అల రెండు గడుల పొడవు. అంతకంటే పొట్టిది పుడితే గ్రిడ్ దాన్ని పొడవైన అలగా పొరబడుతుంది, సినిమాలో ముందుకు పోయే బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించినట్టే. ఆ పొరపాటు అలలకు శక్తి చేరుతూ పోతుంది. 1966లో అకియో అరకావా ప్రవాహపు శక్తినీ, సుడుల మొత్తాన్నీ గడుల లెక్కలోనే కాపాడే పద్ధతి ఇచ్చాక ఈ బెడద చాలా తగ్గింది.

ఒడ్డున ఇంకో ఇబ్బంది. అల ఇసుక మీదికి పాకి వెనక్కి పోయేటప్పుడు అంచున మిల్లీమీటరు మందం నీరు మిగులుతుంది. మోడల్‌లో వేగం రావాలంటే ప్రవాహాన్ని లోతుతో భాగించాలి. దాదాపు సున్నాతో భాగిస్తే ఆ పల్చటి పొరకు రాకెట్ వేగం వస్తుంది. అందుకే లోతు ఫలానా కంటే తక్కువైతే గడి పొడిగా ఉన్నట్టే అనుకోమని హద్దు పెడతారు.

మరి నిజమైన అల్లకల్లోలానికీ, లెక్కలో పుట్టినదానికీ తేడా ఎలా పట్టాలి? నీటికి స్వతహాగా అస్థిరత ఉంది. బ్రేక్‌వాటర్ చివర సుడులు నిజంగానే తిరుగుతాయి. మొదట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా వాతావరణ సూచన కొన్నాళ్లకు ఎంతో మారిపోతుందని 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ చూపించాడు. కానీ నిజమైన సుడికి ఒక హద్దు ఉంటుంది, ప్రవాహంలో ఉన్న శక్తి కంటే అది పెద్దది కాలేదు. లెక్కలో పుట్టినదానికి హద్దు లేదు. పైగా అది గడి, గడి మార్చి పైకీ కిందకీ ఊగుతుంది. గడి కొలత మారిస్తే దాని పొడవూ మారుతుంది. సముద్రంలోని సుడికి మన గడి కొలతతో పనేముంది? ఇంకొక పరీక్ష నాకు అన్నిటికంటే ఇష్టం. అలలు ఆపేసి, గాలి ఆపేసి, ఎగుడుదిగుడు నేల మీద నీటిని కదలకుండా ఉంచి రన్ పెట్టాలి. గంట తర్వాత కూడా నీరు కదలకుండా ఉండాలి. చాలా ప్రోగ్రాములు ఈ తేలిక పరీక్షలోనే తప్పుతాయి. నేల వాలు లెక్క, నీటి ఒత్తిడి లెక్క ఒకదానికొకటి సరిపోక, నిలకడ నీటిలో ప్రవాహాలు పుట్టిస్తాయి.

నా రేవు దగ్గరికే మళ్లీ వస్తాను. మూల దగ్గర షరతు సరిచూసుకుని టైమ్ స్టెప్ తగ్గించాక రన్ రెండు గంటల్లో ముగిసింది, పేలలేదు. బెర్త్ దగ్గర అల 0.6 మీటర్లు. సంతోషంగా గైడ్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ బొమ్మ వంక చూడనే లేదు. “గడి సగం చేసి చూశావా బాబూ?” అని అడిగారు. లేదన్నాను. గడి సగమైతే గడులు నాలుగు రెట్లు, అడుగులు రెండు రెట్లు. రెండు గంటల రన్ పదహారు గంటలైంది. జవాబు 0.8 మీటర్లు. ఇంకోసారి సగం చేయమన్నారు. ఈసారి ఐదు రోజులు దాటింది, కరెంటు పోతుందేమోనని రోజూ టెన్షన్. 0.85 వచ్చింది. రిపోర్టులో మూడు అంకెలూ పక్కపక్కనే వేయించారు. పేలిపోయిన మొదటి రన్ బొమ్మను తీసేద్దామనుకుంటే, మూల దగ్గరి ఆ పన్నెండు గడులకు ఎర్ర సున్నాలు చుట్టి, దాన్నీ నాలుగో పేజీలో పెట్టమన్నారు.